తెల్లారినా ఖాళీ కాని సంచి

సాయంత్రం గూటికి చేరే పెట్టకు మెడ మొదట్లో, దాని కుడి పక్కకు, నిమ్మకాయంత ఉబ్బు ఉంటుంది. మేడ మీద కొత్తగా నాలుగు కోళ్లు తెచ్చి పెట్టుకున్నవాళ్లు అది గడ్డేమోనని ఫోటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపుతారు. కోళ్ల మధ్యే పెరిగిన పల్లెవాళ్లు కడుపారా మేసిందిలే అనుకుని గూటి తలుపు వేసేస్తారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో సాయంత్రం పూట తేలదు. తెల్లవారాక, ఇంకా గింజ వేయకముందు, పెట్టను చంకలో పెట్టుకుని అదే చోట వేళ్లతో తడిమితే తేలుతుంది. ఉబ్బు పోయి చర్మం వదులుగా తగిలిందా, రాత్రి జరగాల్సిన పని జరిగినట్టే. రాత్రి ఎంత ఉందో అంతే ఉందా, లోపల ఎక్కడో దారి ఆగింది.

ఇలా తడిమి చూడటానికి ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. అయినా పెరటి కోళ్ల వైద్యంలో ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. ఉబ్బు కనపడగానే నూనె పట్టిస్తారు, తలకిందులు చేసి పిండుతారు, పెరుగు తినిపిస్తారు. సంచి ఎందుకు నిండుగా ఉండిపోయిందో తెలియకుండా చేసే ఈ పనుల్లో కొన్ని ఉత్తినే పోయేవి, ఒకటి మాత్రం చేతుల్లోనే ప్రాణం తీసేది.

కోడి నమలదు. ముక్కుతో అందుకున్న గింజ అందుకున్నట్టే గొంతు దిగుతుంది. అన్నవాహిక మెడ దాటి ఛాతీలోకి పోయే ముందు ఒక పక్కకు సాగి తిత్తిలా ఉంటుంది. పశువైద్యులు క్రాప్ అంటారు, ఇక్కడ మేత సంచి అందాం. గింజ అక్కడ ఆగి, తడిసి, మెత్తబడుతుంది. తర్వాత కొంచెం కొంచెంగా ఆమ్లం, పెప్సిన్ ఊరే చిన్న జీర్ణాశయంలోకి, ఆ వెంటనే కందనకాయలోకి చేరుతుంది. కందనకాయ సంగతి కోడికూర వండే ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు. చీల్చగానే గులకరాళ్లు, ఇసుక, సగం నలిగిన గింజలు రాలతాయి. లోపలి పసుపుపచ్చ పొర ఒలిస్తే గానీ కూరకు పనికిరాదు. ఆ రాళ్లే కోడికి పళ్లు. దిట్టమైన కండరం నిమిషానికి రెండు మూడు సార్లు ముడుచుకుంటూ వాటి మధ్య గింజను నలుపుతుంది. 18వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త లజ్జారో స్పల్లంజానీ సూదులు, సన్నటి కత్తి మొనలు గుచ్చిన గుండ్లను టర్కీ కోళ్లతో మింగించి, తర్వాత కోసి చూశాడు. మొనలు అరిగి, విరిగి ఉన్నాయి. కందనకాయకు దెబ్బ తగల్లేదు. ఇవాళ అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు కానీ, ఆ కండరం బలం మీద ఎవరికైనా అనుమానం ఉంటే దానితో తీరిపోవాలి.

మేత సంచికి అంత బలం లేదు, స్వతంత్రమూ లేదు. కందనకాయ ఖాళీగా ఉంటే పొద్దుటి మొదటి గింజలు సంచిలో ఆగకుండా నేరుగా కిందికి పోతాయి. కందనకాయ నిండాక వచ్చినవి సంచిలోకి మళ్లుతాయి. కింద చోటు దొరికినకొద్దీ పైనుంచి కాస్త కాస్త జారుతుంది. ఈ కబుర్లను అటూ ఇటూ మోసేది వేగస్ నరం. అంటే, సంచి నిండుగా ఉండిపోతే అడ్డు కందనకాయలో పడి ఉండొచ్చు, పేగులో పడి ఉండొచ్చు, నరం దెబ్బతిని ఉండొచ్చు, లేదా పెట్ట ఇంకేదో జబ్బుతో నీరసించి లోపలి కదలికలన్నీ మందగించి ఉండొచ్చు. మేత సంచి సమస్యల గురించి ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. మందుల పేర్లు తర్వాత.

అసలు ఈ నిల్వ దేనికి? మన కోళ్లకు ముఖ్యమైన మూలం ఎర్ర అడవి కోడి. అది పొద చాటు వదిలి బయలులోకి వస్తే గద్దకో నక్కకో కనపడుతుంది. గబగబా ఏరుకుని మళ్లీ చాటుకు పోయి తాపీగా అరిగించుకోవడానికి సంచి ఉండాలి. ఇంటి పెట్టకు దానితో ఇంకో అవసరం పడింది. గుడ్డు పెంకు తయారవడానికి ఇంచుమించు 20 గంటలు పడుతుంది, అందులో చాలా భాగం రాత్రే. ఒక పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. సాయంత్రం సంచిలో వేసుకున్న మేత, గుల్ల ముక్కలు రాత్రంతా దిగుతూ ఆ లోటును కొంత పూడుస్తాయి. గుడ్లు పెట్టే పెట్ట చీకటి పడేముందు ఆబగా తినడం అందుకే. ఆ వేళ ఉబ్బును చూసి భయపడితే రోజూ భయపడాల్సిందే.

పావురాల్లో ఈ సంచి ఇంకో పని కూడా నేర్చింది. తల్లి, తండ్రి ఇద్దరి సంచి గోడల నుంచీ విరిగిన పాల లాంటి పదార్థం తయారై పిల్లల నోటికి అందుతుంది. చలికాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోలు కూడా తమ పిల్లలను ఇలాంటి పాలతోనే పెంచుతాయి. 1930లలో ఆస్కార్ రిడిల్ బృందం ప్రొలాక్టిన్ హార్మోన్‌ను గుర్తించి పేరు పెట్టింది పావురం మేత సంచి మీద దాని ప్రభావం చూసే. తల్లిపాల హార్మోన్ కథ పావురం గొంతులో మొదలవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. కోడికి ఈ విద్య లేదు. బాతుకైతే సరైన సంచే లేదు, అన్నవాహిక కాస్త వెడల్పవుతుంది అంతే. కాబట్టి ఇక్కడ చెప్పేవి బాతులకు అతికించకండి.

సంచిలో గింజ ఊరికే నానదు, కొద్దిగా పులుస్తుంది కూడా. గోడకు అంటిపెట్టుకుని ఉండే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంటే, సాల్మొనెల్లా లాంటి చెడ్డ సూక్ష్మజీవులకు అక్కడ నిలవడం కష్టమవుతుంది. 1970లలో బ్రిటన్ శాస్త్రవేత్త రాయ్ ఫుల్లర్ దీన్ని బాగా పరిశీలించాడు. ప్రోబయాటిక్ అంటే ఏమిటో చెప్పేటప్పుడు తరచూ ఉదాహరించే 1989 నాటి నిర్వచనం కూడా ఆయనదే. సంచి గోడకు అతుక్కోవడం అన్ని లాక్టోబాసిల్లస్‌లకూ చేతకాదని, పక్షుల్లో పుట్టి పెరిగిన రకాలకే ఆ పట్టు ఉంటుందని ఆయన పనిలో తేలింది. పెరుగు గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

ఇక పరీక్ష. అనుమానం ఉన్న పెట్టను ముందురోజు చీకటి పడ్డాక విడిగా గంప కింద కమ్మాలి. మేత ఉండకూడదు, నీళ్లు ఉండాలి, కింద గడ్డీ ఊకా పరచకుండా పాత గుడ్డో కాగితమో వేయాలి. దాణా పళ్లెం గంప కిందే ఉంటే మీరు లేచేలోగా అది నాలుగు ముక్కలు తినేసి ఉంటుంది, పరీక్షకు అర్థం ఉండదు. కాగితం వేయడంలో ఇంకో లాభం ఉంది. రాత్రి ఎన్ని రెట్టలు వేసిందో, ఎలాంటివి వేసిందో తెలుస్తుంది. రెట్ట మామూలుగా ఉంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు. చిన్న చిన్నగా, ఆకుపచ్చగా, నీళ్లలా ఉంటే కడుపులోకి మేత దిగడం లేదు, పైత్యరసం ఒక్కటే బయటికి వస్తోందని అర్థం. అదే చేత్తో రొమ్ము ఎముకను కూడా తడమండి. రెండు పక్కలా కండ కరిగి ఎముక మొనదేలి తగిలితే ఇది నిన్నటి జబ్బు కాదు, వారాల నుంచీ నడుస్తున్నది.

పొద్దున్నే వేళ్లకు గట్టి ముద్ద తగిలి, నొక్కినా లొంగకపోతే మేత అందులో చిక్కుపడి గడ్డకట్టింది. కారణం చాలావరకు పీచు. ముదిరిన పొడుగు గడ్డి, వరిగడ్డి, కొబ్బరి పీచు, గోనె దారాలు, ప్లాస్టిక్ కవర్ల పేలికలు, పూలదండ దారం ఒకదానికొకటి చుట్టుకుని తాడు పేనినట్టవుతాయి. వాటి మధ్య గింజలు ఇరుక్కుంటాయి. గింజ ఎంత నానినా ఉబ్బుతుందే గానీ కిందికి దిగే దారి ఉండదు. పెట్ట మేత దగ్గరికి వస్తుంది, పొడుస్తుంది, మింగలేక మెడ చాచి అటూ ఇటూ మెలికలు తిప్పుతుంది. చాలామంది దీన్నే మెడ తిప్పుడు రోగం అనుకుంటారు.

పిండి దాణాతో పెరిగిన కోళ్లలో ఇంకో బలహీనత ఉంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను మొదటి ఆరు వారాలు లోపలే వెచ్చగా పెంచి ఆ తర్వాత బయటికి వదులుతారు. ఆ పద్ధతి సరైనదే. అయితే మెత్తటి దాణాకు అలవాటైన కందనకాయ బలపడి ఉండదు, దానిలో రాళ్లూ ఉండవు. అలాంటి పిల్లను ఒక్కసారిగా మోకాలెత్తు గడ్డిలో వదిలితే కనిపించిందల్లా మింగుతుంది. బయటికి వదిలే ముందు ఒకటి రెండు వారాలు దాణాలో సన్నటి గులకరాళ్లు కొద్దిగా కలపాలి, నూకలూ పగిలిన జొన్నలూ అలవాటు చేయాలి. మేడ మీది కోళ్లకు ఈ లోటు జీవితాంతం ఉంటుంది. సిమెంటు నేల మీద రాయి ఎక్కడ దొరుకుతుంది? గుల్ల పొడి వేస్తున్నాం కదా అంటారు. గుల్ల ఆమ్లంలో కరిగిపోతుంది, పెంకుకు కాల్షియం అవుతుంది. నలిపే పనికి కరగని రాయి కావాలి. రెండూ వేర్వేరు మూకుళ్లలో పెట్టండి, ఏది కావాలో పెట్టకే తెలుసు.

గడ్డకట్టిన సంచికి ఇంట్లో చేయగలిగింది కొద్దిగానే ఉంది, కానీ ఆ కొద్దీ పనిచేస్తుంది. మేత ఆపి గోరువెచ్చటి నీళ్లు చుక్క చుక్కగా ముక్కు కొనకు అందించాలి. పెట్ట తానే మింగాలి. గొంతులోకి సిరంజితో కొట్టకూడదు. కోడికి ఊపిరిగొట్టం ద్వారం నాలుక వెనకే, నోటి అడుగున తెరుచుకుని ఉంటుంది. నోరు తెరిచి ఎదురుగా చూస్తే ఆ చీలిక కనపడుతుంది కూడా. అందులోకి ఒక చెంచా నీళ్లు పోతే చాలు. నీళ్లు దిగాక, సంచి మీద వేళ్లతో గుండ్రంగా, మెత్తగా, రెండు మూడు నిమిషాలు పిసకాలి. రోజుకు నాలుగైదు సార్లు. ముద్ద వదులై విడిపోతున్నట్టు వేళ్లకే తెలుస్తుంది. నూనె సంగతి అడుగుతారు. నూనె పీచును కరిగించదు. మెత్తబడిన ముద్ద జారడానికి కొంచెం సాయపడొచ్చేమో గానీ, పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే నీళ్ల కంటే ఎక్కువ హాని చేస్తుంది. నేనైతే నీళ్లతోనే ఆగుతాను. ఒక పగలూ ఒక రాత్రీ ఇలా చేసినా ముద్ద తగ్గకపోతే ఇక ఇంటి వైద్యం చాలించాలి.

తలకిందులు చేసి పిండటం గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ప్రాణం తీసేది అదే. పెట్టను కాళ్లు పట్టి వేలాడదీసి సంచిని నోటి వైపు నొక్కితే పులిసిన నీళ్లు, మేత బయటికి వస్తాయి. చూసేవాళ్లకు పని జరిగినట్టే ఉంటుంది. ఆ నీళ్లు నోట్లోకి వచ్చేసరికి ఊపిరి ద్వారం కూడా అక్కడే ఉంది. కొన్ని పెట్టలు ఆ క్షణమే కొట్టుకుని పోతాయి. బతికినవాటిలో కొన్నిటికి రెండు మూడు రోజుల్లో న్యుమోనియా వస్తుంది. అప్పుడు పోయిన ప్రాణాన్ని సంచి రోగం లెక్కలో రాస్తారు. ద్రవం తీయక తప్పని పరిస్థితి ఉంటుంది, నిజమే. పశువైద్యులు గొట్టం వేసి తీస్తారు. గొట్టం ఊపిరి దారిలోకి పోలేదని నిర్ధారించుకునే చెయ్యి అయి ఉండాలి.

పిసికినా లొంగని ముద్దకు చివరి దారి కోత. విషపు గుళికలు, మందు పట్టించిన విత్తనాలు తిన్న కోడికి సంచి కోసి కడగడమూ వైద్యంలో ఉన్నదే, ఆలస్యం కాకుంటే. వైద్యులు ఈకలు తీసి, మత్తిచ్చి, రక్తనాళాలు లేని చోటు చూసి చర్మాన్ని, తర్వాత సంచి గోడను కోస్తారు. లోపలిది తీసి కడిగి, ముందు సంచిని, తర్వాత చర్మాన్ని విడివిడిగా కుడతారు. విడివిడిగా అన్న మాట ముఖ్యం. బ్లేడు, సూదిదారంతో ఇంటి దగ్గరే కానిచ్చేవాళ్లు రెండు పొరలనూ కలిపి ఒకే కుట్టులో బిగిస్తారు. అలా కుట్టిన చోట సంచి చర్మానికి అతుక్కుంటుంది, లేదంటే కుట్టు సందుల్లోంచి నీళ్లు, మేత కారుతూ పుండు మానదు. మత్తు లేకుండా కోయడం క్రూరత్వమని వేరే చెప్పాలా? కోత తర్వాత కొన్నాళ్లు నానబెట్టిన దాణా కొంచెం కొంచెంగా పెడితే పక్షి గాయం ఆశ్చర్యపోయేంత త్వరగా మానుతుంది. చిక్కల్లా కందనకాయలో కూడా ప్లాస్టిక్ చుట్టుకుని ఉంటే. పైన ఎంత శుభ్రం చేసినా మూడో రోజుకు సంచి మళ్లీ నిండుతుంది.

వేళ్ల కింద ముద్దకు బదులు నీళ్లు నింపినట్టు అటూ ఇటూ కదులుతూ, పెట్ట నోటి దగ్గర ముక్కు పెడితే పులిసిన కల్లు వాసన వస్తే అది వేరే కథ. కల్లును పులియబెట్టేదీ ఈస్టే, ఇక్కడ పెరిగేదీ ఈస్టే, జాతి మాత్రం వేరు. దీని పేరు కాండిడా ఆల్బికాన్స్. ఆరోగ్యంగా ఉన్న కోడి సంచిలోనూ ఇది కొద్దిగా ఉండొచ్చు, లాక్టోబాసిల్లస్ దాన్ని అదుపులో ఉంచుతుంది. మేత కదలక నిలవైపోయినా, రోజుల తరబడి యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి తాగించి మంచి బ్యాక్టీరియాను చంపేసినా, తాగే నీళ్ల మూకుడు పాచి పట్టినా ఈస్టుకు పండగే. ఒకసారి చెలరేగితే సంచి లోపలి గోడ మందమై, తెల్లటి మడతలతో తువ్వాలు బట్టలా తయారవుతుందని కోళ్ల వైద్య పుస్తకాలు రాస్తాయి. నోట్లో తెల్ల మచ్చలున్నంత మాత్రాన ఈస్టే అనుకోవడానికీ లేదు. విటమిన్ ఏ లోపంలో కూడా నోటి నుంచి అన్నవాహిక దాకా తెల్లటి పొక్కులు వస్తాయి.

ద్రవం నిండిన సంచిని పిసకకూడదు. పైకి ఎగదన్ని ఊపిరి దారిలోకి పోతుంది. మందు కోసం వెతికేముందు, పెట్టకు ఏ యాంటీబయాటిక్ వాడుతున్నారో చూసి డాక్టరును అడిగి ఆపాలి. తలా తోకా తెలియని జబ్బుకల్లా టెట్రాసైక్లిన్ పొడి కలిపే అలవాటు ఇక్కడ నిప్పులో నెయ్యి పోసినట్టే. ఈస్టు మీద పనిచేసే మందు నిస్టాటిన్. దానికి చక్కటి చరిత్ర ఉంది. 1940ల చివర న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఎలిజబెత్ హేజన్ న్యూయార్క్ నగరంలో, రేచల్ బ్రౌన్ ఆల్బనీలో పనిచేసేవారు. మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవులను ఒకరు పెంచి, సీసాల్లో పోస్టులో పంపితే, ఇంకొకరు మందు పదార్థాన్ని వేరుచేసేవారు. వర్జీనియాలోని ఒక పాడి క్షేత్రం మట్టిలో దొరికింది అసలైనది. 1950లో ప్రకటించి, తమ రాష్ట్రం పేరు మీద నిస్టాటిన్ అన్నారు. దాని మీద వచ్చిన రాయల్టీ డబ్బంతా పరిశోధనలకే ఇచ్చేశారు. ఈ మందు పేగు నుంచి రక్తంలోకి దాదాపు పోదు, తగిలిన చోటే పనిచేస్తుంది. అందుకే సంచి వీలైనంత ఖాళీగా ఉన్నప్పుడు, మేతకు ముందు ఇవ్వాలి. మోతాదు పెట్ట బరువును బట్టి డాక్టరు చెప్పాలి. పాత పుస్తకాల్లో మైలతుత్తం నీళ్లు రాసి ఉంటాయి. మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం తక్కువ, ఇంట్లో చిటికె కొలతలతో చేసే పని కాదది.

మరి పెరుగు? చెంచాడు పెరుగు తిన్న పెట్టకు నష్టం ఏమీ లేదు. పక్షులకు పాలలోని చక్కెర సరిగా అరగదు కాబట్టి గిన్నెలు గిన్నెలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఫుల్లర్ పరిశోధన ప్రకారం చూస్తే పెరుగులోని బ్యాక్టీరియా కోడి సంచి గోడకు అతుక్కుని కాపురం పెట్టే రకం కాదు, దారిన పోయేది. జబ్బు తగ్గాక తోడుగా వేయండి, జబ్బుకు మందుగా నమ్మకండి. యాపిల్ సిడర్ వెనిగర్‌ది కూడా ఇంచుమించు ఇదే సంగతి, ఖర్చు మాత్రం ఎక్కువ.

మూడో రకం సంచి జారిపోవడం. కండరం సాగి, మళ్లీ ముడుచుకోలేక, ఛాతీ ముందు వేలాడుతుంది. పాతబడిన గడ్డకట్టు జబ్బు ఇలా ముగుస్తుంది. ఎండాకాలంలో నీళ్లు అందక అల్లాడిన కోడి ఒక్కసారిగా విపరీతంగా తాగినా కండరం సాగిపోవచ్చు. టర్కీ కోళ్లలో ఈ గుణం వంశపారంపర్యంగానూ వస్తుంది, అలాంటివాటిని పిల్లల కోసం ఉంచరు. దీనికి పూర్తి వైద్యం లేదు. కొంచెం కొంచెంగా మెత్తటి మేత, రాత్రికి మేత ఆపడం, అంతే. పాశ్చాత్య దేశాల్లో అయితే సంచిని ఎత్తి పట్టే చిన్న గుడ్డ కవచం కుట్టి తొడుగుతారు. మన దగ్గర చేసినవాళ్లు తక్కువే, కానీ నవ్వుకోనక్కర్లేదు, కొన్నిటికి పనిచేస్తుంది.

ఇవేవీ కాని కేసులే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తాయి. సంచి నిండి ఉంది, మేత మెత్తగానే ఉంది, వాసన లేదు, అయినా దిగదు. మారెక్స్ జబ్బు అయి ఉండొచ్చు. హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ 1907లో మొదట వర్ణించిన ఈ వైరస్ జబ్బు నరాలను వాచేలా చేస్తుంది. వేగస్ దెబ్బతింటే సంచి కదలదు, కాలి నరం దెబ్బతింటే ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ చాచి పడిపోతుంది. దీనికి మందు లేదు. హేచరీలో మొదటి రోజే వేసే టీకా ఒక్కటే రక్షణ, కాబట్టి పిల్లలు కొనేటప్పుడు అడగండి. సీసం విషమైనా నరాల మీదే దెబ్బ తీస్తుంది. పాత బ్యాటరీలు విప్పే చోట, గాలం గుండ్లు, పాత పెయింటు పెచ్చులు పడే చోట తిరిగే కోళ్లకు ఆ ప్రమాదం ఉంది. వానపాములు తినే పెట్టలకు సంచి గోడలో దూరి పెరిగే వెంట్రుక పురుగులు పట్టొచ్చు. నట్టల మందు ఏది వేయాలో రెట్ట పరీక్ష చెబుతుంది.

వీటన్నిటికంటే మన పెరళ్లలో ముందు తలచుకోవాల్సింది కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్. ఉత్తరాఖండ్‌లోని ఆ ఊళ్లో 1928 ప్రాంతంలో కనిపించి మన దేశంలో ఆ పేరు మీద స్థిరపడింది, బయటి ప్రపంచానికి న్యూకాసిల్ జబ్బు. పెట్ట కునుకుతూ, నోరు తెరిచి ఊపిరి తీస్తూ, ఆకుపచ్చగా పారుతూ, మెడ మెలిపెట్టుకుంటూ ఉంటుంది. తిన్నది అరగక సంచిలో నీళ్లు నిలిచి పులుస్తాయి. సంచి ఒక్కదాన్నే చూసినవాళ్లు పులిసిందని మందు వేస్తూ కూర్చుంటారు, ఈలోగా పక్క గంపలోది కునకడం మొదలుపెడుతుంది. ఒక పెట్ట సంచి నిండితే సంచిని అనుమానించండి, మూడు పెట్టలు ఒకే వారంలో నీరసిస్తే అంటువ్యాధిని అనుమానించండి. దీనికి మందు లేదు. మొదటి వారంలో లసోటా టీకా కంటి చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది వేయించి ఉంటే ఈ కంగారే ఉండదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ 1962 నంబరు సంచార పశువైద్యానికి ఉంది. ఆవుకూ గేదెకూ మాత్రమే అనుకుని కోడి కోసం ఫోన్ చేయడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది.

చివరికి ప్రతి ఇంట్లో వచ్చే మాట ఒకటుంది: ఎలాగూ బతికేలా లేదు, కోసేస్తే పోలా? సంచిలో పీచు చిక్కుకుని, మిగతా అంతా చురుగ్గా ఉన్న పెట్ట సంగతి వేరు. కారణం తెలియకుండా చిక్కిపోయిన పెట్టను, వాసన వచ్చే సంచి ఉన్నదాన్ని, విషం తిందేమోనని అనుమానం ఉన్నదాన్ని వండకూడదు. యాంటీబయాటిక్ గానీ నట్టల మందు గానీ వేసి ఉంటే డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా మాంసమూ గుడ్లూ వాడకూడదు. కోళ్లు వరసగా, హఠాత్తుగా చనిపోతుంటే కోసి చూడాలన్న కుతూహలం కూడా వద్దు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది గుర్తుందిగా. చచ్చిన కోడిని ఒట్టి చేతులతో ముట్టకుండా, కవరులో వేసి పశువైద్యశాలకు ముందు ఫోన్ చేయండి. నమూనా ప్రయోగశాలకు పంపాలో, అక్కడే పూడ్చాలో వాళ్లు చెబుతారు. పూడ్చమంటే కుక్కలు తవ్వలేనంత లోతు గుంట తీసి, కోడి మీద సున్నం చల్లి మట్టి కప్పండి. గంపను కడిగి రెండు రోజులు ఎండలో పడేశాకే వేరే పెట్టను దాని కింద కమ్మండి.